గాజుపూస - కాలనిర్ణయము: ఒక ప్రమాణవిచారము

దక్షిణదేశ ప్రాచీనచరిత్రను గురించి వ్రాయువారికి శాసనము, నాణెము, గ్రంథవచనము అను మూడు ఆధారములు చిరకాలముగా పరిచితములు. ఇటీవలి దశాబ్దములలో వీని సరసన మరియొకటి వచ్చి నిలిచినది. అది ఆవగింజకన్న కొంచెము పెద్దదైన గాజుపూస. త్రవ్వకములలో దొరకిన పూసను ప్రయోగశాలలో పరీక్షించి, అందలి ద్రవ్యముల పాళ్ళను లెక్కకట్టి, అది దొరకిన స్థలము ఏ కాలమునాటిదో ఊహింపవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఈ విషయమున మన ప్రాచ్యకళాశాలలలో రెండు వైఖరులు కనబడుచున్నవి. గాజుముక్కతో మనకేమి పని, అది రసాయనశాస్త్రజ్ఞుల గొడవ యని కొందరు పెదవి విరుతురు. ప్రయోగశాల నుండి వచ్చిన అంకెను వేదవాక్యముగా గ్రహించి తమ వ్యాసములలో చేర్చుకొనువారు మరికొందరు. ఈ రెండును యుక్తములు కావని నా అభిప్రాయము. ప్రయోగశాలలో ప్రత్యక్షమగునది పూసలోని ద్రవ్యము మాత్రమే. దానినుండి కాలమునకు పోవుట అనుమానము. అనుమానమైనప్పుడు హేతువేది, వ్యాప్తి ఎక్కడ గ్రహింపబడినది, ఉపాధి యున్నదా లేదా అని అడుగు అధికారము, అడుగవలసిన బాధ్యత, న్యాయశాస్త్రము చదివినవారికి కలవు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి ఈ ప్రశ్న దూరపుది కాదు. తెలుగు, కన్నడ, తమిళ దేశములు కలిసికొను ఈ మెట్టసీమలో వ్రాతకు అందిన చరిత్ర కొంత ఆలస్యముగా మొదలగుచున్నది. మదనపల్లె చెంతనున్న చిప్పిలి వైదుంబుల రాజధానిగా ప్రసిద్ధము. బాణులు, నొళంబులు, వైదుంబులు చేసిన పోరులలో పడిన వీరుల శిలలు పుంగనూరు పరిసరములలో అనేకము. అంతకు వెనుకటి కాలమును గూర్చి అక్షరము మాటాడదు, రాయి మాత్రమే యున్నది. పలమనేరు మొదలుకొని ఈ సీమయందు అక్కడక్కడ కనబడు బండపలకల సమాధులను జనులు పాండవగుళ్ళనియు, రాకాసిగుళ్ళనియు పిలుతురు. పాండవులకును వీనికిని సంబంధము లేదు. ఇవి దక్షిణాపథమున ఇనుము వాడుకకు వచ్చిన యుగపు బృహచ్ఛిలాసమాధులు. ఈ సంప్రదాయము వేయి సంవత్సరములకు పైబడి నడచినది. కావున 'బృహచ్ఛిలాయుగము' అని చెప్పినంతమాత్రమున ఒకానొక సమాధి కాలము చెప్పినట్లు కాదు. ఇట్టి సమాధులలో నల్ల-ఎరుపు కుండలతోను, ఇనుపపనిముట్లతోను కూడ ఒక్కొక్కచోట పూసలు దొరకును. అక్షరము లేనిచోట ఆ పూసకు విలువ హెచ్చు.

ఇంకొక కారణమును కలదు. గాజుపూసల చరిత్రలో ప్రపంచమంతయు పేర్కొను గ్రామమొకటి పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనిదే. అది ఏర్పేడు మండలములోని పాపానాయుడుపేట. 2022లో జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు అది తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడి కొలిమిలో కరగిన గాజును ఇనుపగొట్టపు కొనకు ముద్దగా పట్టించి, శంకువువలె రూపొందించి, నడుమ రంధ్రము నిలుచునట్లు సన్నని గొట్టముగా చేతితో బయటికి లాగుదురు. చల్లారిన గొట్టమును చిన్నచిన్న తునకలుగా తరిగి, బూడిదతో కలిపి మరల వేడిచేసి, అంచులు నున్నబరతురు. శాస్త్రజ్ఞులు దీనిని 'లాడ' పద్ధతి యని వ్యవహరింతురు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధమున విదేశములనుండి వచ్చి దీనిని చూచిన పరిశోధకులు, రెండువేలయేండ్లనాటి పూసలు ఎట్లు తయారైనవో ఇక్కడి పనివారి చేతులను చూచి తెలిసికొన్నారు. ఆ పనివారికి మన పరిశోధనపత్రికలలో ఎన్ని పుటలు దక్కినవో పాఠకులే లెక్కించుకొనవచ్చును.

ఆ ప్రాచీనపూసలకు 'ఇండో-పసిఫిక్ పూసలు' అని పేరుపెట్టినవాడు పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికను పండితుడు. ఆయన గ్రంథము 'ఆసియాస్ మారిటైమ్ బీడ్ ట్రేడ్' 2002లో హవాయి విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడినది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలము, నలుపు రంగులలో, సాధారణముగా ఆరు మిల్లీమీటర్లకు మించని ఈ పూసలు ఆఫ్రికా తూర్పుతీరము నుండి కొరియా, జపాను వరకు దొరకుచున్నవి. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించిన పుదుచ్చేరి సమీపపు అరికమేడు వీని ప్రధాన నిర్మాణస్థానములలో ఒకటి. తెలుగునేలపై కొండాపురపు పూసలను గూర్చి మోరేశ్వర దీక్షిత్ 1952లోనే ప్రత్యేకగ్రంథము ప్రచురించినారు. ఆయన 'హిస్టరీ ఆఫ్ ఇండియన్ గ్లాస్' 1969లో వచ్చినది. కనుక ఈ విద్య మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. మనము దానిని చదువలేదు, అంతియే.

ఇక ప్రయోగశాలవారు చేయు పని యెట్టిది? గాజునకు మూలద్రవ్యము ఇసుక. దానిని తక్కువవేడిలో కరగించుటకు క్షారము కావలెను. రంగునకు రాగి, కోబాల్టు, సీసము, తగరము మొదలగు లోహములు కలియును. ఆ యిసుక ఏ నేలదో, ఆ క్షారము ఏ మూలమునుండి వచ్చినదో, దానిననుసరించి గాజులో ఇతరధాతువుల లేశములు మారును. కంటికి కనబడనంత చిన్న గుంట మాత్రము పడునట్లు లేజరు కిరణముతో గాజును తాకించి, లేచిన ఆవిరిలోని మూలకములను పదిలక్షలలో ఒక పాలువరకు లెక్కించు పరికరములు నేడున్నవి.

ఈ పరీక్షలవలన తేలిన ముఖ్యాంశము మనకు ఆనందదాయకము. మధ్యధరాతీరపు ప్రాచీనగాజులో అల్యూమినా సాధారణముగా నూటికి రెండు మూడు పాళ్ళు. దక్షిణభారతపు ప్రాచీనగాజులో అది ఐదు పాళ్ళకు మించియే యుండును. మన గాజు ఎక్కువభాగము నేలపై తెల్లగా పేరుకొను చవుటిక్షారముతోను, శుద్ధిచేయని ఇసుకతోను చేయబడినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఇప్పుడు అమరకోశమును తెరచి చూడుడు. వైశ్యవర్గములో అమరసింహుడు 'క్షార' శబ్దమును 'కాచ' శబ్దమునకు పర్యాయముగా చెప్పినాడు. నానార్థవర్గములో కాచశబ్దమునకు 'మృద్భేదము', అనగా ఒకవిధమైన మన్ను, అను అర్థమును కూడ ఇచ్చినాడు. గాజును క్షారమనుటయు, మన్ననుటయు చవుటినేలను ఎరిగినవారికి వింత కాదు. ప్రయోగశాల అంకెలలో చెప్పినదానిని మన కోశకారుడు రెండు మాటలలో సూచించినాడు. ఇట్టి సంవాదము రసాయనశాస్త్రజ్ఞునకు తనంతట తెలియదు. చెప్పవలసినవారము మనము.

అయితే కాలనిర్ణయమునకు వచ్చునప్పుడు జాగ్రత్త వహింపవలెను. పారిస్, ఓర్లియన్స్, చికాగో ప్రయోగశాలలలో పనిచేసిన లోర్ దుస్సుబియే, బెర్నార్ గ్రాతూజ్ మొదలగువారు ఈ అధిక అల్యూమినా గాజును పెక్కు ఉపవర్గములుగా విభజించినారు. వీరి విభజనలో మొదటివర్గపు గాజులో బేరియము హెచ్చు, యురేనియము తక్కువ. అది దక్షిణభారత, సింహళ స్థలములలో క్రీస్తుపూర్వపు శతాబ్దులనుండి క్రీస్తుశకపు తొలి శతాబ్దుల వరకు విరివిగా కనబడును. రెండవవర్గములో యురేనియము హెచ్చు. కొంకణతీరపు చౌల్ నందును, ఆఫ్రికా తూర్పుతీరమునను అది దొరకినది. 2008 ప్రాంతమున ఈ రెండవవర్గమునకు 9 నుండి 19వ శతాబ్ది వరకు కాలము చెప్పబడినది. అటుపిమ్మట మరిన్ని పూసలను పరీక్షింపగా అందులో రెండు వేర్వేరు గాజులు కలిసియున్నవని తేలినది. 9-13 శతాబ్దులదానికి ఆరవవర్గమని పేరుపెట్టి, రెండవవర్గమును 14వ శతాబ్దినుండి మాత్రమే లెక్కించుచున్నారు. ఇది శాస్త్రజ్ఞుల చాపల్యము కాదు, వారి నిజాయతీ. కాని పాత అంకెను నమ్మి ఒక స్థలమును 10వ శతాబ్దిదని వ్రాసియుంచినవాని గతి యేమి? అంకెను గ్రహించునప్పుడు ఆ అంకె ఎప్పటిది, ఏ వ్యాప్తిపై నిలిచినది అను విషయము కూడ గ్రహింపవలెనని దీనివలన తెలియుచున్నది.

ఈ పద్ధతి చక్కగా ఫలించిన చోటు ఉత్తర అమెరికా. ఐరోపా వర్తకులు అక్కడి ఆదివాసులకు అమ్మిన తెల్లపూసలను కెనడా శాస్త్రజ్ఞులు పరీక్షించినారు. గాజును పాలవలె తెల్లబరచుటకు మొదట తగరమును, తరువాత అంటిమనిని, ఆపై ఆర్సెనిక్‌ను వాడినట్లు తేలినది. 17వ శతాబ్ది పూర్వభాగపు తెల్లపూసకును, తరువాతి కాలపు తెల్లపూసకును భేదము ఇట్లు తెలియును. ఫలించుటకు హేతువులు రెండు. అక్కడి గ్రామములు కొన్ని దశాబ్దములు మాత్రమే నిలిచి విడువబడినవి. వర్తకుల, మతప్రచారకుల వ్రాతలవలన వాని కాలము ఇతరమార్గమునను తెలిసియున్నది. సపక్షము చేతిలో నున్నది గనుక వ్యాప్తి దృఢమైనది. మన బండసమాధులకు ఆ సౌకర్యము లేదు.

అక్కడనే వివాదమునకును ఉదాహరణము కలదు. అలాస్కాలో పునిక్ పాయింట్ అనుచోట దొరకిన నీలపు వెనీసుపూసలు కొలంబసు యాత్రకు పూర్వమే అక్కడికి చేరినవని 2021లో ఇద్దరు పరిశోధకులు 'అమెరికన్ ఆంటిక్విటీ' పత్రికలో ప్రకటించినారు. పూసలతో దొరకిన నారపేటను కార్బను పద్ధతిని పరీక్షింపగా 15వ శతాబ్ది అంకె వచ్చినది. ఆ రకపు పూసలు అంత వెనుకటి కాలమున వెనీసులో తయారే కాలేదని పూసలశాస్త్రజ్ఞులు వెంటనే ఆక్షేపించినారు. నార వయస్సు పూస వయస్సు కానక్కరలేదు, పూస వయస్సు అది భూమిలో పడిన కాలము కానక్కరలేదు. రెండు ప్రమాణములు విరోధించినప్పుడు ఏది ప్రబలమో విచారింపక, వినసొంపైనదానిని వరించుట పండితలక్షణము కాదు.

ఇక దోషములను మన పరిభాషలో చెప్పుదును. మొదటిది, గాజు చేసిన కాలమును గాజు పడిన కాలముగా భావించుట. తెలుగింట నల్లపూసల పేటను చూడుడు. తల్లి నల్లపూసలు కూతురి పేటలో చేరును. దారము చివికినప్పుడల్లా క్రొత్తదారమున క్రొత్తవానితో కలిపి గ్రుచ్చుదురు. ఆ పేట పొలములో తెగిపడినచో అరువదియేండ్లనాటి పూసయు, నిన్నటి పూసయు ఒకే మట్టిలో కలియును. కనుక పూస చెప్పగలిగినది ఒక్కటే: ఈ పొర నాకన్న ముందుది కాదు అని. తరువాతిదెంత అను ప్రశ్నకు పూస మౌనము వహించును. అదియును ఎలుకబొరియ, నాగటిచాలు మొదలగువానివలన పూస పైపొరనుండి జారి క్రిందికి రాలేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే.

రెండవది అన్యోన్యాశ్రయము. గాజువర్గమునకు కాలము త్రవ్వినస్థలములవలన తెలిసినది. ఇప్పుడు త్రవ్వుచున్న స్థలమునకు కాలము గాజువర్గమువలన చెప్పుచున్నాము. మొదటి స్థలముల కాలము నాణెములవలనగాని, కార్బను పరీక్షవలనగాని స్వతంత్రముగా సిద్ధించియున్నచో దోషము లేదు. అదియును మరియొక పూసవలననే తెలిసినదైనచో చక్రమున తిరుగుచుండుటయే.

మూడవది ఉపాధి. పాతగాజును కరగించి మరల పూసలు చేయుట సర్వత్ర కలదు. పద్ధతి పాతదై, గాజు క్రొత్తదై యుండవచ్చును. గాజు పాతదై, పూస క్రొత్తదై యుండవచ్చును. రూపము, నిర్మాణవిధానము, ద్రవ్యము అను మూడింటిని కలిపి చూచినప్పుడే హేతువు బలపడును.

నాలుగవది అతివ్యాప్తి. ఒక వర్గపు గాజు ఏడెనిమిది శతాబ్దులు నడచినప్పుడు, ఆ వర్గపుపూస దొరకినదన్న మాట స్థలమునకు ఏడెనిమిది శతాబ్దుల వెడల్పుగల గుమ్మమును తెరచి యిచ్చుచున్నది. అది నిరుపయోగము కాదు. పాండవులనాటిదను నమ్మికను అది త్రోసివేయగలదు. అంతకుమించి దానిని వాడరాదు.

ఈ దోషములను చూచి పద్ధతినే విడువుడని నేను చెప్పుటలేదు. శకవర్షము లేని వీరశిలకు మనము కాలమెట్లు చెప్పుచున్నాము? అక్షరపు తలకట్టును, వంపును చూచి, కాలము తెలిసిన శాసనములతో పోల్చి, 'సుమారు 9వ శతాబ్ది' అందుము. గాజుపూసను పరీక్షించువాడు చేయునదియు అదియే. అతనికి యురేనియము, బేరియము తలకట్టువంటివి. లిపిశాస్త్రమునందు ఆదరము, గాజుశాస్త్రమునందు అనాదరము చూపుటకు హేతువు లేదు. పైగా లిపిని గూర్చిన మన నిర్ణయములను కూడ ఇంతే నిశితముగా పరీక్షింపవలసిన అవసరమును ఈ పోలిక గుర్తుచేయుచున్నది.

మనవారి అత్యుత్సాహమును గురించి కూడ ఒక మాట చెప్పవలెను. శతపథబ్రాహ్మణములో అశ్వమేధసందర్భమున రాజపత్నులు గుఱ్ఱపు రోమములలో 'కాచము'లను కూర్చుట కలదు. దీనినిబట్టి వేదకాలమున గాజుపరిశ్రమ సిద్ధించినదని సభలలో చెప్పువారున్నారు. ఎగ్గెలింగ్ ఆ శబ్దమును ముత్యములని అనువదించినాడు. పూస యను సామాన్యార్థమును చెప్పుటకును అవకాశమున్నది. వ్యాకరణము ఒక్కటే ఈ సందేహమును తీర్చలేదు. కౌటిల్యుడు రత్నపరీక్షలో మణిభేదములను చెప్పి తక్కినవి కాచమణులన్నాడు. అచ్చట గాజర్థము ఎక్కువ పొసగును. కాని అర్థశాస్త్రపు కాలమే వివాదగ్రస్తము. కాలము తేలని గ్రంథముతో స్థలకాలమును నిర్ణయించుట అసిద్ధహేతువు. ఇట్లే, పుంగనూరు చెంతనున్న చౌడేపల్లె పేరులో చవుడు వినబడినదని అక్కడ గాజుకొలుములుండెనని ఊహించుటయు హేత్వాభాసమే. ఆ పేరు దేవతనుండి గాని, మనుష్యునినుండి గాని రావచ్చును. చవుడును, గాజుచిట్టెమును, కొలిమిమన్నును ఆ నేలపై చూపినప్పుడే పేరునకు సాక్ష్యబలము కలుగును.

ఉత్తమమార్గమునకు తమిళదేశములో దృష్టాంతమున్నది. పళని సమీపమున పొరుందల్ అనుచోట కె. రాజన్ గారు 2009, 2010 సంవత్సరములలో త్రవ్వకములు జరిపినారు. నివాసస్థలమున రెండువేలకు పైగా గాజుపూసలును, గాజుకొలిమి జాడయు లభించినవి. ఒక సమాధిలో పూసలతోపాటు వడ్లు దొరకగా, వానిని కార్బను పద్ధతిని పరీక్షింపజేసి క్రీ.పూ. 490 ప్రాంతపు కాలమును పొందినారు. గాజులో కార్బను లేదు, అది తన వయస్సు చెప్పలేదు. వడ్లగింజ చెప్పగలదు. ఒకే సమాధిలో కదలింపబడక రెండును ఉన్నప్పుడు ఒకటి రెండవదానికి సాక్షి యగును. ఈ సాహచర్యమే కాలనిర్ణయమునకు ప్రాణము.

ఆ ప్రాణమే మన సీమలో పోవుచున్నది. నిక్షేపములున్నవను భ్రమతో రాత్రివేళ బండసమాధులను పెకలించువారు, ఇనుపముక్కను, పూసను చిమ్మివేసి పోవుదురు. కుప్పము ప్రాంతపు ఆకుపచ్చ గ్రానైటు దేశదేశములకు ఎగుమతి యగుచున్నది. బండను పగులగొట్టు యంత్రమునకు సమాధిపలకకును, తక్కిన రాతికిని భేదము తెలియదు. పొలమును చదునుచేయు రైతునకు చెప్పువారు లేరు. చోటు తప్పిన పూస ఎంత గొప్ప ప్రయోగశాలకు పోయినను తన ద్రవ్యమును చెప్పునేగాని స్థలకాలమును చెప్పజాలదు. పరికరము రేపైనను కొనవచ్చును. పొర చెడినచో మరల రాదు.

కావున నా సూచనలు మూడు. మొదటిది, ప్రాచ్యకళాశాలలలో ప్రాచీనచరిత్ర, లిపిశాస్త్రము బోధించుచోట పురాద్రవ్యపరీక్షకు కొన్ని పాఠములు కేటాయింపవలెను. విద్యార్థులు యంత్రమును నడుపనక్కరలేదు. దాని ఫలితమును అనుమానవాక్యముగా విడదీసి పరీక్షించుట నేర్చిన చాలును. రెండవది, సంస్కృతాంధ్ర కోశములలోను, రత్నశాస్త్ర, రసశాస్త్ర గ్రంథములలోను గాజునకు, పూసకు, క్షారమునకు, కొలిమికి గల శబ్దములను ప్రయోగసహితముగా కూర్చవలెను. పాపానాయుడుపేట పనివారి నోట మిగిలిన పనిముట్ల పేర్లను, పనిమాటలను వెంటనే వ్రాసికొనవలెను. గ్రంథములలో లేని శబ్దములు అక్కడ దొరకును. వృద్ధులు పోయిన పిమ్మట అవి ఏ కోశమునను దొరకవు. మూడవది, మదనపల్లె, పుంగనూరు, కుప్పము పరిసరములలోని కళాశాలల అధ్యాపకులు తమతమ గ్రామములలోని సమాధులను, వీరశిలలను పట్టికగా వ్రాసి, చిత్రములు తీసి, పురావస్తుశాఖకు అందజేయవలెను. 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడినది. మూడు భాషల కూడలిలోనున్న ఆ విద్యాపీఠము ఈ పనికి కేంద్రము కాదగినది. ఈ సమాధులు ఏ భాషారాష్ట్రపు పొలిమేరనూ ఎరుగవు గదా. ఎవరును త్రవ్వవలదు, పూసను ఏరి జేబులో వేసికొనవలదు. త్రవ్వుట ఆ విద్య నేర్చినవారి పని, చోటును చూపి కాపాడుట మన పని.

శాస్త్రజ్ఞులకును ఒక విన్నపము. మీ ఫలితమును ప్రకటించునప్పుడు పూస ఏ పొరలో, దేనితోకూడ, ఎంతలోతున దొరకినదో ఆ వివరమును అంకెల చెంతనే ముద్రింపుడు. వర్గమునకు చెప్పిన కాలము ఏయే స్థలములమీద ఆధారపడినదో తెలుపుడు. అప్పుడు మావంటివారు కూడ ఆ వాదమును పరీక్షింపగలరు.

శబ్దమును గౌరవించుట మన సంప్రదాయము. ఆ శబ్దమునకు అర్థమైన వస్తువు కాలిక్రింద పడియున్నప్పుడు దానిని తెలిసికొనుటయు ఆ సంప్రదాయములోనిదే. పై విషయములను విజ్ఞులు విమర్శింతురు గాక.